స్త్రీపురుష భేదం – కంటి ఆరోగ్యం

(ప్రపంచ దృష్టి దినం సందర్భంగా కూరెకుప్ప పురసభ సభామందిరంలో తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి ఈ పురసభలో అనువాదకురాలిగా పనిచేస్తున్నాను. కన్నడంలో వెలువడే నీటి పన్ను ప్రకటనలు, టీకాల కరపత్రాలు, చెత్తబండి వేళలు మీకు తెలుగులో అందేలా చూడడం నా కొలువు. అటువంటి మనిషి కంటి జబ్బుల గురించి మాట్లాడడం ఏమిటని మీకు తోచవచ్చు. ఒక కరపత్రాన్ని తెలుగు చేయబోయి మొదటి పంక్తిలోనే చిక్కుబడిపోయాను. ఆ చిక్కు గురించి చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మూలంలో రెండు మాటలు ఉన్నాయి: సెక్స్, జెండర్. రెండింటికీ మన నిఘంటువులు చూపే మాట ఒక్కటే, లింగం. వ్యాకరణ తరగతిలో చదువుకొన్నదీ ఆ మాటే. రెండు చోట్లా దానినే వాడితే వాక్యం పూర్తవుతుంది, చదివినవారికి మాత్రం ఏమీ తెలియదు. మొదటిది పుట్టుకతో వచ్చిన భేదం: శరీర నిర్మాణం, క్రోమోజోములు, హార్మోన్లు. రెండోది పెంపకంతో వచ్చిన భేదం: పొయ్యి దగ్గర ఎవరుంటారు, కార్ఖానాకు ఎవరు వెళతారు, ఎవరి చేతిలో డబ్బు ఆడుతుంది, ఎవరి బాధను ఇంట్లో బాధగా లెక్క వేస్తారు. చివరికి కరపత్రంలో ‘పుట్టుక భేదం’, ‘పెంపక భేదం’ అని రాశాను. పండితులు ఒప్పుకోకపోవచ్చు. మా వీధిలో చదివి వినిపిస్తే అందరికీ అర్థమైంది. ఈ సాయంత్రం కూడా ఆ రెండు మాటలనే వాడతాను.

మాది రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ రాష్ట్రంలోకి వెళ్ళాయి. కనుక నేను ఇక్కడికి వలస వచ్చానో, మా తాతల నాటి జిల్లాకే తిరిగి వచ్చానో నాకే తెలియదు. అది అలా ఉంచుదాం.

మా నాయన బడిపంతులు. నలభై రెండో ఏట ఒకనాడు దినపత్రికను చేయి చాచి దూరంగా పట్టుకొని చదవడం మొదలుపెట్టారు. వారం తిరగకముందే అనంతపురం వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకొన్నారు. అమ్మ ఆయనకంటే నాలుగేళ్ళు చిన్నది. నలభై దాటిన తర్వాత ఆమె రవికెల కుట్టు విప్పడానికీ, గుండీలు కుట్టడానికీ కూర్చొని, సూదిలో దారం ఎక్కించమని నన్నో చెల్లెలినో పిలిచేది. బియ్యం చేటను మొదట కిటికీ దగ్గరికీ, తర్వాత గడప దగ్గరికీ, ఆ తర్వాత వాకిట్లోకీ జరిపింది. అన్నంలో రాయి తగిలితే, కాస్త చూసుకొని వండవచ్చు కదా అని నాయన విసుక్కొనేవారు. ఇలా ఆరేళ్ళు గడిచాయి. నాయనకు వచ్చింది చత్వారం అని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకు వచ్చిందీ అదేనని ఆమెతో సహా ఎవరికీ తోచలేదు. సూదిలో దారం ఎక్కించడం పిల్లలకు చెప్పే పనుల్లో ఒకటిగా కలిసిపోయింది.

చత్వారం అనే మాటలో నలభై అనే సంఖ్య ఉంది. కన్నడిగులు దీన్నే చాళీసు అంటారు. అందులోనూ ఉన్నది నలభయ్యే. కంటిలోని కటకం వయస్సుతో బిరుసెక్కి దగ్గరి వస్తువుకు తగినట్టు వంగలేకపోవడమే చత్వారం. అది ఆడ, మగ చూడదు. దాదాపు అందరికీ వస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే జబ్బుకు, నాయనకు వారం పట్టింది, అమ్మకు ఆరేళ్ళు పట్టింది. కరపత్రం తెలుగు చేస్తున్నప్పుడు నాకు అర్థమైన విషయం ఇదే: స్త్రీల చూపు ఎందుకు ఎక్కువగా పోతున్నదని అడిగితే, జవాబులో కొంత కంటిలో ఉంది, ఎక్కువ భాగం ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉంది.

ఇప్పుడు కొన్ని లెక్కలు చెబుతాను, ఓపిక పట్టండి. 2020 నాటికి ప్రపంచంలో సుమారు 4 కోట్ల 30 లక్షల మంది అంధులని అంచనా. ఏదో ఒక మేరకు చూపు లోపం ఉన్నవారు 110 కోట్ల మంది. ఆ లోపం ఉన్న ప్రతి 100 మందిలో 55 మంది స్త్రీలు. మన దేశంలో 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, 50 ఏళ్ళు దాటినవారిలో అంధత్వం పురుషులలో 1.67 శాతం, స్త్రీలలో 2.31 శాతంగా తేలింది. అంతకు ముందే, 1996–2000 మధ్య, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదు నగరంలోనూ పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంగా అది పేరుపొందింది. ఆ పరీక్షల్లో అంధత్వం 1.84 శాతంగా కనిపించింది. ముసలివారిలో, పేదవారిలో, పల్లెవాసుల్లో అది ఎక్కువగా ఉంది. స్త్రీలలోనూ ఎక్కువగానే ఉంది.

ఆడవారు ఎక్కువ కాలం బతుకుతారు, అందువల్ల ముసలితనపు జబ్బులు వారికి ఎక్కువగా వస్తాయి, ఇందులో వింత ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అయితే ఆ అధ్యయనంలో వయస్సునూ ఆర్థిక స్థితినీ లెక్కలోకి తీసుకొన్న తర్వాత కూడా స్త్రీల పాలు ఎక్కువగానే మిగిలింది. పైగా 2015–19 సర్వే ప్రకారం 50 దాటినవారి అంధత్వంలో దాదాపు మూడింట రెండు వంతులకు, కచ్చితంగా చెప్పాలంటే 66.2 శాతానికి, కారణం శుక్లం, అంటే కంటి పొర. దానికి చిన్న శస్త్రచికిత్స ఉంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తున్నది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం తీసి కటకం అమర్చడం ఉచితం. విరుగుడు ఉండి కూడా చూపు పోయిందంటే ఆ మనిషి శస్త్రచికిత్స బల్ల దాకా చేరలేదన్నమాట. పురుషులకు జరుగుతున్నంతగా స్త్రీలకు కూడా శుక్లం శస్త్రచికిత్సలు జరిగితే, మనవంటి దేశాల్లో శుక్లం వల్ల కలిగే అంధత్వం సుమారు 11 శాతం తగ్గుతుందని పరిశోధకులు లెక్క కట్టారు. దానికి కొత్త మందులేవీ కనిపెట్టనక్కర లేదు.

పుట్టుక భేదాన్ని మాత్రం తక్కువ చేయకూడదు. వైద్యులతో మాట్లాడి తెలుసుకొన్నవాటిలో మీకు పనికివచ్చేవి చెబుతాను.

నీటికాసుల సంగతి మొదట. కంటిలో ఒక నీరు నిత్యం ఊరుతూ, నల్లగుడ్డు అంచు మూలలో ఉన్న సన్నని జల్లెడ వంటి దారిలో బయటికి పోతూ ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. స్త్రీల కన్ను సగటున కొంచెం పొట్టి, ముందు గది లోతు తక్కువ. వయస్సుతో కటకం లావెక్కినప్పుడు ఆ మూల మరింత ఇరుకవుతుంది. అందుకే మూల మూసుకుపోయే రకం నీటికాసులు స్త్రీలలో, ముఖ్యంగా ఆసియా స్త్రీలలో, ఎక్కువ. అది ఒక్కసారిగా వచ్చినప్పుడు కన్ను ఎర్రబడుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తాయి. ఇంట్లోవారు పైత్యమనో ఒంటిపూట తలనొప్పి అనో అనుకొని నిమ్మరసం తాగించి పడుకోబెడతారు. తెల్లవారేసరికి చూపు పోవచ్చు. తలనొప్పి, వాంతులతో పాటు కన్ను ఎర్రబడి చూపు మసకబారితే అది కంటి జబ్బేనని గుర్తుపెట్టుకొని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మరో రకం నీటికాసులు నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి చూపును అంచుల నుంచి కొరికివేస్తుంది. అది స్త్రీపురుషులిద్దరికీ వస్తుంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉంటే నలభై దాటిన ప్రతి ఒక్కరూ కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

ముట్లు ఆగిన తర్వాత హార్మోన్లు తగ్గి కన్నీటి గ్రంథులూ, రెప్పల అంచుల్లోని నూనె గ్రంథులూ మందగిస్తాయి. కంట్లో ఇసుక పడినట్టు గరగర, మంట, సాయంత్రానికి ఎరుపు. దీన్ని పొడికన్ను అంటారు; ఇది స్త్రీలలో ఎక్కువ. మన ఊళ్ళో దీనికి ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ ఖనిజపు దుమ్ము ఉండనే ఉంది కనుక ప్రతి గరగరా దుమ్ము ఖాతాలోకి వెళుతుంది. మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు కొని నెలల తరబడి వేసుకొంటారు. వాటిలో స్టీరాయిడ్ ఉంటే మంట తగ్గుతుంది, హాయిగానే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం కూడా త్వరగా ముదురుతుంది. చీటీ లేకుండా కంటి చుక్కలు కొనవద్దు. నోరు ఎండిపోవడం, కీళ్ళ నొప్పులు కూడా తోడైతే వైద్యునికి తప్పక చెప్పండి. శరీరం తన గ్రంథులపై తానే దాడి చేసుకొనే జబ్బులు కొన్ని ఉన్నాయి. షోగ్రెన్ అనే జబ్బు వచ్చిన ప్రతి 10 మందిలో సుమారు 9 మంది స్త్రీలే.

గర్భవతుల విషయం. చక్కెర జబ్బు ముందే ఉన్న స్త్రీకి గర్భం వస్తే కంటి వెనుక పొరలోని నష్టం వేగంగా పెరగవచ్చు. కనుక మొదటి నెలల్లోనే కళ్ళు చూపించుకోవాలి. నెలలు నిండుతున్నప్పుడు తలనొప్పితో పాటు చూపు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా అది రక్తపోటు హెచ్చరిక కావచ్చు. ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇక రేచీకటి. గర్భిణికి చీకటి పడగానే దారి కనబడకపోవడాన్ని మన అవ్వలు గర్భంతో వచ్చే మామూలు సంగతిగా చూసేవారు. అది విటమిన్ ఏ లోపం. చివరగా, మిగిలినది తినే అలవాటు ఉన్న ఇంట్లో పాలు, గుడ్డు, ఆకుకూర ఎవరి కంచంలో తక్కువ పడతాయో మీకు నేను చెప్పనక్కర లేదు. ఇక్కడ పుట్టుక భేదం ఎక్కడ ఆగిందో, పెంపక భేదం ఎక్కడ మొదలైందో గీత గీయడం నా వల్ల కాలేదు.

పొయ్యి పొగ కూడా అటువంటిదే. కట్టెలు, పిడకలతో వంట చేసే స్త్రీలలో శుక్లం ఎక్కువగా వస్తున్నట్టు మన దేశంలోనూ నేపాల్‌లోనూ జరిగిన అధ్యయనాలు సూచించాయి. పొగకు ఆడ, మగ తెలియదు. పొయ్యి ముందు ఎవరు కూర్చొంటే వారినే పట్టుకొంటుంది. ట్రకోమా అనే అంటువ్యాధి కథ కూడా ఇదే. అది పిల్లల కళ్ళలో ఉండి, వారిని ఎత్తుకొని ముఖం తుడిచే తల్లులకు మళ్ళీ మళ్ళీ అంటుకొనేది. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరే దశకు చేరినవారిలో స్త్రీలే ఎక్కువ. మన దేశంలో అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మంచి వార్తలు కూడా కరపత్రాల్లో రావాలి కదా.

ఇప్పుడు అన్నదమ్ముల వంతు. పుట్టుక భేదం పురుషులను కూడా వదలలేదు. రంగులను గుర్తించలేకపోవడం ఎక్కువగా మగవారికే వస్తుంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీకి ఎక్స్ రెండు ఉంటాయి కనుక ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. పురుషునికి ఉన్నది ఒక్కటే. తల్లి రంగులన్నీ చక్కగా చూస్తుంది, ఆమె అన్నకూ ఆమె కొడుక్కూ మాత్రం ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి కనిపిస్తాయి. మేనమామ పోలిక అని మనం నవ్వుతూ అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రైల్వేలోనో క్రేను మీదనో ఉద్యోగానికి వెళ్ళిన తర్వాత వైద్య పరీక్షలో బయటపడేకంటే బడిలో ఉన్నప్పుడే తెలుసుకొంటే కుర్రవాడు వేరే దారి చూసుకొంటాడు. మేనరికపు పెళ్ళిళ్ళు ఉన్న కుటుంబాల్లో రేచీకటితో మొదలై చూపు క్రమంగా ఇరుకయ్యే జబ్బు కనబడితే, పిల్లలందరి కళ్ళూ పరీక్ష చేయించాలి.

పెంపక భేదం మగవారికి చేసే హాని వేరు. మగవాడు దెబ్బకు జంకకూడదని నేర్పుతాం కదా, దాని ఖరీదు కళ్ళు చెల్లిస్తాయి. కంటి గాయాలతో ఆసుపత్రికి వచ్చేవారిలో ఎక్కువమంది పనిచేసే వయస్సు పురుషులు. తోరణగల్లు ఉక్కు కర్మాగారం చుట్టూ బతుకుతున్న మనకు ఇది తెలియని విషయం కాదు. పెద్ద సంస్థల లోపల భద్రతా అద్దాలు లేకుండా పనిచేయనివ్వరు. బయట, రోడ్డు పక్కన, చిన్న వర్క్‌షాపుల్లో, గేట్లూ కిటికీలూ చేసే షెడ్లలో గ్రైండింగ్ చేసే కుర్రవాడి అద్దాలు తరచుగా నుదుటి మీద ఉంటాయి. ఇనుప రజను కంట్లో పడితే తోటివాడు అగ్గిపుల్లతోనో రుమాలు కొసతోనో తీస్తాడు. అదే చేతులతో నల్లగుడ్డుకు పుండు తెచ్చిపెడతాడు. సుత్తి, ఉలి పనిలో ఎగిరిన సన్నని ముక్క ఒక్కోసారి నొప్పి కూడా లేకుండా కంటి లోపలికి దూసుకుపోతుంది. అప్పుడు కన్ను నలపవద్దు, నొక్కవద్దు, కడగవద్దు. కాగితపు కప్పు బోర్లించి అంటించి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సున్నమో ఆసిడో పడితే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: అక్కడికక్కడే, రెప్పలు తెరిచి పట్టుకొని, కనీసం పావుగంట మంచినీటితో కడిగిన తర్వాతే కదలాలి. వెల్డింగ్ వెలుగు చూసినవాడికి ఆ క్షణంలో ఏమీ అనిపించదు. అర్ధరాత్రి కళ్ళలో కారం కొట్టినట్టు లేస్తాడు. రెండు రోజుల్లో తగ్గుతుంది కనుక దాన్ని పనిలో భాగమనుకొంటాడు. ప్రతిసారీ తగ్గుతుందని హామీ లేదు.

పొలంలో గాయపడేవారిలో స్త్రీలు కూడా ఉన్నారు. వరి కోతలో ఆకు గీసుకొన్నా, మిరప కోతలో చేయి తగిలినా, పసరు పిండడం, చనుబాలు చుక్కలుగా వేయడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఆకు గీసిన గాయంలో బూజు చేరితే నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ మిగులుతుంది. పువ్వు వేసింది అని అంటాం. ఆ పువ్వు వేసిన తర్వాత అద్దాలు పనిచేయవు.

ఆడపిల్లల గురించి రెండు మాటలు. బడిలో పరీక్ష చేసి అద్దాలు రాసి ఇస్తే, కొడుక్కి ఆ నెలలోనే కొంటాం. కూతురి చీటీ బీరువాలో ఉంటుంది. అద్దాలున్న పిల్లకు సంబంధాలు రావని భయం. పెళ్ళిచూపుల్లో అద్దాలు తీసి కూర్చొని, ఎదురుగా ఉన్నవాడి ముఖం కూడా సరిగా చూడలేకపోయినవారు నాకు తెలిసి ఇద్దరున్నారు. అందులో ఒకరు నా స్నేహితురాలు, ఇప్పుడు ఆ సంగతి ఆమే నవ్వుతూ చెబుతుంది. కానీ ఇది నవ్వుకొని వదిలేసే విషయం కాదు. ఒక కంటికి చూపు తక్కువగా ఉన్న చిన్నపిల్లకు ఏడెనిమిదేళ్ళ లోపు అద్దాలు పెట్టకపోతే ఆ కన్ను చూడడం నేర్చుకోదు; తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా తిరిగి రాదు. పుట్టుశుక్లంతో ఆసుపత్రులకు వచ్చే పసిపిల్లల్లో మగపిల్లలే ఎక్కువగా కనబడతారని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ శుక్లం మగపిల్లలను ఏరుకొని రావడం లేదు.

ఇక నా చేతి తప్పు ఒకటి చెప్పాలి. నేను ఈ కొలువుకు రాకముందు, మరొక ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ కంటి శిబిరం పెట్టి, తెలుగువారికి మాట సాయం చేయమని నన్ను పిలిచింది. అరవై దాటిన ఒక అవ్వను కొడుకు వెంటబెట్టుకొని వచ్చాడు. ఎన్నాళ్ళుగా కనబడడం లేదని వైద్యుడు కన్నడంలో అడిగాడు. నేను తెలుగులో అవ్వనే అడిగాను. కొడుకు జవాబిచ్చాడు: రెండు నెలలుగా అక్కా, ఇంట్లోనే కదా ఉండేది, పెద్ద ఇబ్బందేమీ లేదు. నేను దానినే కన్నడంలోకి మార్చి చెప్పాను. వైద్యుడు రాసుకొన్నాడు. బయట వరుసలో కూర్చొన్నప్పుడు అవ్వ నాతో మెల్లగా అన్నది: రెండేండ్లాయె తల్లీ, పప్పులో పురుగు కనబడక కోడలితో మాట పడుతున్నా. తెలుగు నుంచి కన్నడానికి నా అనువాదం సరిగానే ఉంది. నేను అనువదించిన మనిషే వేరు.

తప్పు అంతటితో ఆగలేదు. నమోదు కాగితంలో ఫోను నంబరు గడి ఒక్కటే ఉంది. కొడుకు తన నంబరు చెప్పాడు, నేను రాశాను. శస్త్రచికిత్స తేదీ చెప్పడానికి వారు ఫోను చేసిన వేళకు అతడు షిఫ్టులో ఉన్నాడు. ఫోను లాకరులో ఉంది. తర్వాత వేరే పనిలో పడి మరచిపోయాడు. చెడ్డవాడేమీ కాదు; తల్లిని సెలవు పెట్టి తెచ్చినవాడే. మూడు నెలల తర్వాత సంతలో అవ్వ కనిపిస్తే, నన్ను పిలవలేదమ్మా, నాది అంత పెద్ద జబ్బు కాదేమో అన్నది. పిలిచారని ఆమెకు తెలియదు. పిలుపు ఆమెకు చేరకుండా పోవడానికి నా కలం కూడా ఒక కారణం. తర్వాత ఆమెకు శస్త్రచికిత్స జరిగింది, ఒక కంటికి. రెండో కన్ను అప్పటికే నీటికాసుల వల్ల పోయింది.

అందువల్ల మన పురసభ నమోదు కాగితాన్ని తెలుగు చేసేటప్పుడు రెండు గడులు అడిగాను, అధికారులు ఒప్పుకొన్నారు. ఒకటి ఇంటి నంబరు. రెండోది, రోగికి స్వయంగా అందే నంబరు. ఆమెకు ఫోను లేకపోతే పక్కింటామెదో ఆశా కార్యకర్తదో. అలాగే, ప్రశ్న ఎవరిని అడిగారో వారే జవాబు చెప్పాలి. కొడుకులు, భర్తలు, కోడళ్ళు దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

వలస వచ్చినవారికి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది, వాయిదా. ఊరికి పోయినప్పుడు చూపించుకొందాం అంటాం. ఉగాదికి వెళితే పండగ, వేసవిలో వెళితే పెళ్ళిళ్ళు. అక్కడ తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి. మనలో చాలామంది ఆ రోజుల్లో ఇక్కడ షిఫ్టులో ఉన్నాం. బస్సు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే ఆడవారు నన్ను ఎక్కువగా అడిగేది అదే. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు పత్రం చూపాలి. ఆధారులో ఇంకా రాయదుర్గమో గుంతకల్లో ఉంటే టికెట్టు తీసుకోవలసిందే. చిరునామా మార్చుకోవడం ఎలాగో నా బల్ల దగ్గర చెబుతాను. కానీ చిరునామా మారేదాకా కన్ను ఆగదు. సండూరు తాలూకా ఆసుపత్రి ఉంది, బళ్ళారిలో మనం ఇంకా విమ్స్ అనే పిలుచుకొనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ మీ ఊరు ఏదని అడిగి పంపివేయరు.

కూలి పోతుందని, ఇంటిపని ఆగుతుందని వెనకాడే అక్కలకు ఒక సంగతి చెబుతాను. అసోంలో తేయాకు కోసే నలభై దాటిన కూలీలపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. వారిలో ఎక్కువమంది స్త్రీలు. సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ముందుగా ఇచ్చారు. వారు కోసిన ఆకు, అద్దాలు లేనివారితో పోలిస్తే, సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. బీడీలు చుట్టేవారికీ, మిషను కుట్టేవారికీ, మిరపకాయల తొడిమలు తీసేవారికీ ఆ లెక్క ఎలా వర్తిస్తుందో మీరే చూసుకోండి.

తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని కనుక ఒక వ్యాకరణ విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కన్నడంలో ఆమె వస్తే ‘బందళు’ అంటారు. స్త్రీకి వేరే క్రియ ఉంది. మన తెలుగులో అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు కూడా వచ్చింది. ఒక్క స్త్రీ వస్తే క్రియలో ఆమెకూ బస్సుకూ తేడా లేదు. పాత వ్యాకరణాలు దాన్ని అమహత్తు అన్నాయి. అదే పదిమంది ఆడవారు కలిసి వస్తే ‘వచ్చారు’ అంటాం. అప్పుడు మగవారితో సమానంగా మహత్తులో చేరతారు. ఒంటరిగా బళ్ళారి వెళ్ళలేమని, తోడు వచ్చే మగవారికి సెలవు లేదని అనేవారు వీధికి అయిదారుగురు కలిసి వెళ్ళండి. ఒకరి పిల్లలను ఒకరు చూసుకోవచ్చు, శస్త్రచికిత్స అయినామెకు మరొకామె చుక్కలు వేయవచ్చు. ఆశా కార్యకర్తకు ముందుగా చెబితే ఏ రోజు వెళ్ళాలో కనుక్కొంటుంది.

నమోదు బల్ల వరండాలో ఎడమవైపు ఉంది. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పట్టీ గోడకు తగిలించాం. చదువురానివారికి గుర్తుల పట్టీ వేరే ఉంది, మొహమాటపడవద్దు. ఒక కన్ను మూసి ఒక కంటితో, తర్వాత రెండో కంటితో చూడాలి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే, మంచి కన్ను చెడ్డ కంటి సంగతి దాచిపెడుతుంది. దగ్గరి చూపు కోసం ఒక సూది, దారపు ఉండ కూడా పెట్టించాను. నలభై దాటినవారు ఎవరినీ పిలవకుండా స్వయంగా ఎక్కించి చూడండి. ఎక్కకపోతే పేరు రాయించండి, రెండు గడులూ నింపించండి. చీకటి పడేదాకా నేను అక్కడే ఉంటాను.